పన్నెండు కండెల నీళ్ళు

ఈరదిన్నె, మగ్గాల వీధి.
తేది పదకొండు, బుధవారం. నీళ్ళు రాని రోజు.

శ్రీయుత మండల అభివృద్ధి అధికారి గారి సముఖమునకు, ఈరదిన్నె గ్రామ నివాసి, మగ్గం నేతగాడు, కీర్తిశేషులు ఈరన్న కుమారుడు తిమ్మప్ప, వయసు డెబ్భై నాలుగు, సొంతంగా రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి వాల్వు చావిని ఈ నెల పదిహేనవ తేదీన సభాముఖంగా యువ సేవా కమిటీకి అప్పగించవలెనని తమరు పంపిన నోటీసు; సదరు చావిని అప్పగించను అని తెలియజేసుకొనుట గురించి.

ముందుగా మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీ నా చేతిరాత. నాది మూడో తరగతి. అక్షరాలు గట్టిపడింది బడిలో కాదు, ఎమ్మిగనూరు నుంచి వచ్చే నూలు కట్టల మీద చీటీలు చదివి. కుడి కంటికి శుక్లం తీయించుకున్న తర్వాత రాస్తున్న మొదటి కాగితం కూడా ఇదే. కాబట్టి వరుసలు కొంచెం పైకి ఎక్కుతాయి. తప్పులుంటే తమరు దిద్దుకొని చదువుకోగలరు. అర్థం మాత్రం దిద్దవద్దు. పోయినసారి అర్థం దిద్దినందుకే ఇంత రచ్చ అయింది.

1. వాల్వు తిప్పే ఇనుప చావి నా దగ్గర ఎందుకు ఉన్నది అన్న సంగతి. నోటీసులో తమరు “అనధికారికంగా” అని ఒక మాట వాడారు. అందుకని మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తున్నది.

మా ఊరికి ట్యాంకు కట్టి పైపులు వేసి ఇరవై రెండేళ్ళయింది. ఊరికి రెండు వీధులు. మగ్గాల వీధి మాది. గట్టు వీధి ఊరి చివర మిట్ట మీద ఉంటుంది. పొలం కూలికి పోయే కుటుంబాలు అక్కడ ఉంటాయి, చర్చి కూడా అక్కడే. రోజు మార్చి రోజు పొద్దున ఆరింటికి నీళ్ళు వదులుతారు. గంటన్నర తిరగకముందే ట్యాంకు ఖాళీ. రెండు వీధుల వాల్వులూ మా ఇంటి ముందు ఒకే గుంతలో ఉన్నాయి. రెండూ ఒకేసారి విప్పితే నీళ్ళు మిట్ట ఎక్కవు, మగ్గాల వీధిలోనే తీరిపోతాయి. గట్టు వీధి కొళాయిల్లో బుస్సుమని గాలి వస్తుంది. మొదటి ఎండాకాలంలో ఆ గాలి మీదనే రెండు వీధులూ బిందెలతో కొట్టుకున్నాయి. ఎవరి తలకు ఎన్ని కుట్లు పడ్డాయో రాయను. ఇప్పుడు అందరూ పలకరించుకుంటున్నారు.

అప్పుడు రెండు వీధుల నుంచి ఐదుగురం కూర్చున్నాం. ముందు ఒక వీధికి, తర్వాత ఇంకొక వీధికి అనుకున్నాం. ఎవరికి ఎంతసేపు అన్న దగ్గర మాట ఆగిపోయింది. ఏ వీధి గడియారం పెట్టినా రెండో వీధి నమ్మదు. గట్టు వీధి తరఫున వచ్చిన లింగమ్మ లేచి చెప్పింది.

“గడియారాలు యాలప్పా, ముల్లు తిప్పేకి ఎంతసేపు? గిరిజమ్మక్క పొద్దున్నే అరుగు మీద కండెలు సుడ్తాది గదా. ఆ కండెలు లెక్కబెట్టుకుందాం. ఆయమ్మ చెయ్యి అబద్దమాడదు.”

గిరిజమ్మ నా ఇంటామె. కండె అంటే నేసేటప్పుడు అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టం. రాట్నం తిప్పి దాని మీద పేక నూలు, అంటే అడ్డపోగు, చుడతారు. తమరు ఆఫీసు మనిషి కాబట్టి విడమర్చి రాస్తున్నాను. ఆ రోజు నుంచి మా ఊరి నీళ్ళకు కండెలే గడియారం. పన్నెండు కండెలు మగ్గాల వీధికి, పదహారు కండెలు గట్టు వీధికి. గట్టుకు నాలుగు ఎక్కువ ఎందుకని తమ సిబ్బంది ఒకరు నన్ను నిలదీశారు. మిట్ట ఎక్కే పైపు నిండడానికే నాలుగు కండెల సేపు పోతుంది. ఆ తర్వాతే బిందెలో పడేది. ఇద్దరికీ సమానంగా నీళ్ళు రావాలంటే ఇద్దరికీ సమానంగా సమయం ఇవ్వకూడదు. ఇది లెక్కల పుస్తకంలో ఉందో లేదో నాకు తెలియదు.

చావి తిప్పే పని నాకు వచ్చింది. ఆ ఐదుగురిలో ఇప్పుడు మిగిలింది నేను, లింగమ్మ. మా అమ్మ పోయిన రోజు కూడా వాల్వు తిప్పి వచ్చి తర్వాత ఏడ్చాను. దీన్ని తమరు అనధికారికం అన్నారు.

2. “వాలంటీరు” అన్న మాట వల్ల జరిగిన నష్టం.

నాలుగు నెలల కిందట వాన పడిన పొద్దున వాల్వు గుంతలో జారాను. లింగమ్మ చెయ్యి పట్టి పైకి లాగింది. లాగి ఊరుకోలేదు.

“ఏమప్పా తిమ్మప్పా, ఆ చావిని నీతో పాటే గుంతలో పెట్టమంటావా యేంది? పిల్లోల్లకు నేర్పియ్యి.”

“యా పిల్లోడు వస్తాడు లింగమ్మా? అందరూ ఫోన్లలోనే ఉండారు.”

“నువ్వు పిలిచినావా ఎప్పుడన్నా? గుంత కాడికి ఎవుడన్నా వస్తే కుక్కను తోలినట్ల తోల్తావు. ఇంగెట్ల వస్తారు?”

నిజమే. నేను తోలేవాణ్ణి. దాచుకొనుటకు ఏమీ లేదు. ఒకడు చావి ముట్టుకుంటే వాల్వు మరలు అరిగిపోతాయని చెప్పేవాణ్ణి. ఇరవై రెండేళ్ళలో ఇంకొక మనిషికి ఈ పని నేర్పలేదు, నేర్పకపోవడం నా గొప్ప అనుకున్నాను.

లింగమ్మ మాట తగిలి, తమరికి ఒక అర్జీ పెట్టాలనుకున్నాను. మనవడు దినేష్ ఆదోనిలో సెల్‌ఫోన్ల అంగడిలో పని చేస్తాడు. వాడిని కూర్చోబెట్టి చెప్పాను: మా ఊరి వీధి పనులు ముసలివాళ్ళమే చేస్తున్నాము, పడుచు పిల్లలు మా దగ్గర నిలబడి నేర్చుకొని తర్వాత వాళ్ళే చేసుకోవాలి, దీనికి ఆఫీసు వారు ఊరికి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాలి. వాడు ఫోనులో కొట్టుకుంటూ అన్నాడు.

“అంత పొడుగు యాల తాతా. ఒక్క మాటలో సెప్తా సూడు.”

ఆ ఒక్క మాట ఇది: “ఈరదిన్నెకు వాలంటీర్లు కావలెను.” తమ ఆఫీసుకు పంపి, అదే దాన్ని ఊరి గ్రూపులో కూడా పెట్టాడు. కింద నా పేరు.

మరునాడు పొద్దున లేచి తలుపు తీస్తే అరుగు మీద ముప్పై ఒక్క మంది. ఆధార్ జిరాక్సులు, పదో తరగతి మార్కుల కాగితాలు, ఫోటోలు. ఒకడు నందవరం నుంచి ఆటోలో వచ్చాడు.

“తాతా, పోస్టింగు యాడ? సొంతూర్లోనే ఇస్తారా?”

“పోస్టింగు ఆ గుంతలో నాయనా,” అని వాల్వు గుంత చూపించాను. నవ్వాడు. హాస్యం అనుకున్నాడు. వెనక నుంచి ఒక తల్లి, “మావానిది రాసుకోన్నా, డిగ్రీ రెండు సబ్జెట్లే పోయినాయి,” అంటున్నది. గిరిజమ్మ అందరికీ మంచినీళ్ళు ఇచ్చింది. ఉద్యోగం కాదు, జీతం లేదు, వీధి పని అని గట్టిగా చెప్పాను. గిరిజమ్మ మూడో కండె చుట్టేలోపల అరుగు ఖాళీ అయింది. నందవరం పిల్లవాడు మాత్రం వెనక్కి తిరిగి, “ముందే సెప్పొచ్చు గదా,” అని కోపం చేసి పోయాడు. వాడి కోపం న్యాయమే.

పదిరోజులకు తమ ఆఫీసు నుంచి జవాబు. “వాలంటీరు పోస్టులు ఖాళీ లేవు. అట్టి వ్యవస్థ ప్రస్తుతం అమలులో లేదు.” అయ్యా, నేను పోస్టు అడగలేదు. మనిషిని అడిగాను.

3. కమిటీ సంగతి. నేను స్వయంగా వచ్చి తమరికి చెప్పుకున్నాను. తమరు కుర్చీ వేయించి కూర్చోబెట్టి విన్నారు, అందుకు కృతజ్ఞుణ్ణి. విని, మంచి మనసుతోనే యువ సేవా కమిటీ వేశారు. కానీ పేర్లు ఎక్కడి నుంచి తీశారు? ఆ ముప్పై ఒక్క మంది అరుగు మీద వదిలిపోయి, దినేష్ తమ ఆఫీసుకు చేర్చిన జిరాక్సుల్లో నుంచి. పదకొండు మంది, అందరూ మగ్గాల వీధి వాళ్ళే. మెడలో బిళ్ళలు. దినేష్ అధ్యక్షుడు.

పోయిన నెల కంటి ఆపరేషనుకు ఆదోనికి పోతూ చావి దినేష్ చేతిలో పెట్టాను. ఏ వాల్వు ముందు, ఏది తర్వాత, ఎన్ని కండెలకు, అన్నీ చెప్పాను. “సరే తాతా, సరే తాతా,” అన్నాడు. సరే అన్నది రెండుసార్లు, విన్నది ఎన్నిసార్లో నాకు తెలియదు.

మూడు నీళ్ళ రోజులు నేను ఊరిలో లేను. మొదటి రోజు పదకొండు మందీ వచ్చి మగ్గాల వీధి వాల్వు విప్పి, చావి పట్టుకొని ఫోటో తీసుకొని, గ్రూపులో పెట్టి ఇళ్ళకు పోయారు. వాల్వు మూసి గట్టు వీధిది విప్పేవాడు లేడు. రెండో రోజు ఇద్దరు వచ్చారు, ఒకడికి బస్సు టైమయింది, ఇంకొకడు వాడి వెంట పోయాడు. మూడో రోజు ఎవరూ రాలేదు. చావి దినేష్ బండి డిక్కీలో ఆదోనికి పోయింది. మగ్గాల వీధిలో నీళ్ళు మోరీల్లో పారాయి. గట్టు వీధికి ఆరు రోజులు చుక్క లేదు.

లింగమ్మకు డెబ్భై దాటాయి. పొలం బోరు దగ్గర బిందె ఎత్తుకొని వస్తూ గట్టు రాళ్ళ మీద పడింది. ఎడమ చేతి మణికట్టు విరిగింది. మూడో రోజు తమ ఆఫీసు గ్రూపులో మా కమిటీ ఫోటోకు “ఆదర్శ గ్రామం” అని పెట్టారట. నాకు కన్ను కట్టేసి ఉండింది కాబట్టి చూడలేదు.

4. కృప అను పిల్ల విషయం. కృప లింగమ్మ మనవరాలు. ఆదోనిలో డిగ్రీ రెండో సంవత్సరం, ఎనిమిదింటి బస్సుకు పోతుంది. అవ్వ చెయ్యి విరిగిన రోజున ఎవరి దగ్గరో పైపు పానా అడిగి తెచ్చి, గుంతలో దిగి, ఆ పానాతోనే మా వీధి వాల్వు మూసి వాళ్ళ వీధిది విప్పింది. అప్పటికి ట్యాంకులో మిగిలింది కొంచెమే. ఇంటికి రెండు బిందెలు వచ్చాయి.

నేను ఊరికి వచ్చి ఈ మాట విని ఏం చేశానో రాస్తున్నాను. దినేష్ దగ్గర చావి గుంజుకున్నాను. ఆ తర్వాత కృపను పిలిచి తిట్టాను. వాల్వు మర మీద పానా కొరుకులు పడ్డాయి.

“ఎవురు సెప్పినారు నిన్ను ముట్టుకోమని?”

“మా అవ్వ చెయ్యి సెప్పింది తాతా.”

“పానాతో తిప్పితే మర పోతాది. తెలుసునా నీకు?”

“తెలీదు. నేర్పిస్తే తెలుస్తాది.”

“ఆడపిల్లవు, కాలేజీ పిల్లవు. నీకెందుకు మ్మే గుంతలో పని?”

“బిందె మోసేది ఆడపిల్లలే గదా తాతా. వాల్వు కాడికొచ్చేసరికి మొగోల్లది అయిపోతాదా?”

పొమ్మన్నాను. ఆ పిల్ల పోలేదు. మరుసటి నీళ్ళ రోజున మా అరుగు మీద గిరిజమ్మ పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో ఒక నోటుపుస్తకం, ఫోను. మూడు వారాలు, నీళ్ళు వచ్చిన ప్రతి రోజూ. పరీక్షకు చదువుకుంటున్నది కాబోలు అనుకున్నాను.

5. ఈ ఐదవ నంబరు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆ పిల్ల చదువుకోలేదు. గిరిజమ్మ కండెలు లెక్కపెట్టింది. ఆఖరి రోజున నోటుపుస్తకం నా ముందు పెట్టి మెల్లగా చెప్పింది. ట్యాంకు నీళ్ళు మొత్తం ఎనభై నాలుగు నిమిషాలు వస్తాయి. మనం ఈ పద్ధతి పెట్టుకున్నప్పుడు గిరిజమ్మ అవ్వ మూడు నిమిషాలకు ఒక కండె చుట్టి ఉంటుంది. ముప్పై ఆరు నిమిషాలు మీకు, నలభై ఎనిమిది మాకు, పైపు నిండే పన్నెండు తీసేస్తే ఇద్దరికీ ముప్పై ఆరు. సరిగ్గా కుదిరింది. ఇప్పుడు అవ్వకు ఒక కండెకు నాలుగు నిమిషాల పైన పడుతున్నది. పన్నెండు కండెలయ్యేసరికి యాభై నిమిషాలు. మాకు మిగిలేది ముప్పై నాలుగు. అందులో పైపు నిండడానికి పన్నెండు.

“అంటే?” అన్నాను.

“మీకు యాభై తాతా. మాకు ఇరవై రెండు.”

నేను నమ్మలేదు. పుస్తకం అబద్ధమన్నాను, ఫోను అబద్ధమన్నాను. గట్టు వీధికి పదహారు కండెలు పూర్తి కాకుండా ఎనిమిదో కండెకే నీళ్ళు ఆగిపోతున్నాయని నాకు తెలుసు, కొన్నేళ్ళుగా తెలుసు. మోటారు బలం తగ్గింది, ట్యాంకు నిండడం లేదు అని తమ ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టాను. తమరు మెకానిక్కును పంపారు. మోటారు బాగుంది అని ఆయన అంటే ఆయన్ను కూడా తిట్టాను.

ఆ రోజు గిరిజమ్మ చేతులు చూశాను. వేళ్ళ గణుపులు ఉబ్బి ఒక పక్కకు వంగి ఉన్నాయి. అవి ఎప్పుడు వంగాయో నాకు తెలియదు. రోజూ కండెలు చూశాను. చేతులు చూడలేదు.

“సెప్తానే ఉండా గదా, వేళ్ళు నొస్తాండాయని,” అంది గిరిజమ్మ. “నూలు మంచిది కాదు అంటివి.”

ఇరవై రెండేళ్ళు న్యాయంగా నీళ్ళు పంచినవాణ్ణి అని ఊరిలో రొమ్ము విరుచుకొని తిరిగాను. అందులో ఎన్నేళ్ళు మా వీధి పక్క వీధి నీళ్ళు తాగిందో! లింగమ్మ ఇంటికి పోయి అడిగాను. చేతికి కట్టుతో వాకిట్లో కూర్చొని ఉంది.

“ఈ సంగతి నీకు తెలుసునా లింగమ్మా?”

“తెలుసప్పా. ఏడెనిమిదేండ్లాయ.”

“తెలిసి యాల సెప్పకపోతివి?”

“సెప్తే ఏం జేస్తావు? కండెలు తీసేసి గడియారం పెడ్తావు. గిరిజమ్మక్క మళ్ళా ఆ అరుగు మీద కూసుంటాదా? రెండు బిందెలకోసరం ఆయమ్మ చెయ్యి ముసల్దైపాయనని ఊరందరి ముందర అంటానా నేను? నువ్వు దొంగవైతే ఆపొద్దే అడిగిందును. నీకు పొగురుంది గాని దొంగతనం లేదు. పో, పోయి కాఫీ తాగుపో.”

కాఫీ తాగలేదు.

ఇందుమూలంగా మోటారు మీద నేను పెట్టిన మూడు అర్జీలు వెనక్కి తీసుకుంటున్నాను. మోటారు బాగుంది. మెకానిక్కు గారిని గుంత దగ్గర అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన పేరు తెలియదు, మీసాలు ఉన్నాయి.

6. ఇప్పుడు నోటీసు సంగతి. నేను ఇంత తప్పు ఒప్పుకున్నాను కాబట్టి తలవంచుకొని చావి ఇచ్చేస్తానని తమరు అనుకోవద్దు. చావి వదలాలి అన్నది తమ నోటీసు రాకముందే నేను అనుకున్న మాట. ఎవరి చేతికి అన్నదే తగవు. అరవై దాటినవాళ్ళు తప్పుకోవాలి, పిల్లలు రావాలి అన్న తమ మాట మంచిదే. కానీ పదిహేనవ తేదీ పొద్దున పదింటికి, మైకు పెట్టి, ఫోటో తీసి, ఒక చేతిలో నుంచి ఇంకొక చేతిలోకి చావి మార్చితే పని మారదు. ఇనుము మారుతుంది.

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే మేము దాన్ని మొత్తం లాగిపారేసి కొత్తది ఎక్కించము. పోగులు దూరే అచ్చులో జానెడు పాతది వదిలిపెడతాం. ఆ కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాం. రెండు వేల పోగులు ఉంటే రెండు వేల మెలికలు. అన్నీ అతికిన తర్వాతే పాతది ముందుకు జరుగుతుంది, దాని వెంట కొత్తది వస్తుంది. తమ సభ జానెడు కూడా వదలకుండా కోయమంటున్నది. మమ్మల్ని కోసి శాలువా కప్పుతామంటున్నది.

శాలువా గురించి కూడా రాస్తున్నాను. పోయిన ఏడాది మా బడిలో పంతులుకు కప్పినప్పుడు అంచు పట్టుకొని చూశాను. మిల్లు శాలువా. యాభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినవాడికి అది కప్పడానికి తమరు రావద్దు.

కృపకు నేర్పుతాను, చావి ఆమెకే ఇస్తాను అని మా కార్యదర్శి గారితో చెప్పాను. “జాబితాలో ఆ పేరు లేదు,” అన్నారు. ఎందుకు లేదంటే, వాలంటీరు ఉద్యోగం అని కూత పడిన రోజున ఆ పిల్ల జిరాక్సు తీసుకొని రాలేదు. ఉద్యోగం కోసం రాని పిల్ల పేరు లేదు. ఉద్యోగం లేదని తెలిసి వెనక్కి పోయిన పదకొండు మంది పేర్లు ఉన్నాయి. ఈ జాబితాను నేను ఒప్పుకోను. తమరు దీన్ని ధిక్కారం అనుకుంటే అనుకోవచ్చు, ఆ మాటే సరిగ్గా ఉంటుంది.

7. కాబట్టి నేను కోరునది:

జాబితా కొట్టివేయవలెను. కనీసం కృప పేరు మొదటి వరుసలో రాయవలెను. దినేష్ ఆమె దగ్గర నేర్చుకుంటాడు. ఒప్పుకున్నాడు, మొహం ముడుచుకొని.

“వాలంటీరు” అన్న మాట మా ఊరి కాగితాల్లో వాడవద్దు. కృప పోయిన వారం మా అరుగు గోడ మీద సుద్దముక్కతో “నీళ్ళ వంతు” అని రాసి, కింద గీతలు గీసి ఖాళీ పెట్టింది. వాలంటీరు అంటే ముప్పై ఒక్క మంది ఉద్యోగానికి వచ్చారు. వంతు అంటే ఎవరూ బయోడేటా తేలేదు. గట్టు వీధి వాళ్ళు నలుగురు, మా వీధి పిల్లలు ముగ్గురు వచ్చి వాళ్ళ పేర్లు వాళ్ళే రాసుకున్నారు. వంతు అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. మా పిల్లలు పని అంటే పారిపోతారని ఇన్నాళ్ళు అనుకున్నాను. వాళ్ళకు అర్థమయ్యే మాటతో ఎవరూ పిలవలేదు, నాతో సహా.

నలభై వంతులు నేను గుంత దగ్గర నిలబడి నేర్పుతాను. వాల్వు పదకొండున్నర చుట్లు తిప్పాలి, పన్నెండో చుట్టు తిప్పితే బిగుసుకుంటుంది. ఇలాంటివి నోటీసులో రాయరు, చేతికి తెలియాలి. నలభై అయిన తర్వాత చావి నేనే ఇస్తాను. సభ వద్దు.

గిరిజమ్మ అరుగు మీద కూర్చోవడం మానదు. దీనికి తమ అనుమతి అక్కరలేదు, తెలియజేస్తున్నాను అంతే. కృప ఆమెతో చెప్పింది: “అవ్వా, లెక్క ఫోను సూసుకుంటాది. మీరు మాత్రం ఈడనే కూసోండి. మీరు లేకుంటే మీ వీధోల్లు నా మాట వింటారా?” గిరిజమ్మ రాట్నం తుడిచి పెట్టుకుంది.

చావి బలవంతంగా తీసుకొనుటకు ఎవరినైనా పంపేటట్లయితే నీళ్ళు రాని రోజున పంపగలరు. నీళ్ళ రోజు మాకు పని ఉంటుంది, మాట్లాడడానికి తీరదు.

కాబట్టి తమరు ఈ సంగతులన్నీ తీరికగా చిత్తగించవలెను. చిత్తగించకపోయినా రేపు ఆరింటికి నీళ్ళు వదులుతాం.

ఇట్లు,
తమ విధేయుడు, వాల్వు విషయంలో తప్ప,
తిమ్మప్ప
(వేలిముద్ర వేయలేదు. సంతకం చేశాను. చూడగలరు.)

మళ్ళీ రాసుకొన్నది, గురువారం పొద్దున: పైన నలభై వంతులు అని రాశాను. ఈ రోజు మొదటిది. కృప చావి పట్టుకుంది, నేను పక్కన నిలబడ్డాను. ముప్పై ఆరు నిమిషాలకు ఫోను కూత పెట్టేసరికి గిరిజమ్మ తొమ్మిదో కండె మీద ఉంది. మా ఆఖరిది, మంచినీళ్ళ బిందె, సగానికి వచ్చింది. ఆ పిల్ల మా వీధి వాల్వు మూయడం మొదలుపెట్టింది.

“మ్మే, ఇంకా మూడు కండెలుండాయి!” అని అరిచాను. నోరు తానే అరిచింది, నేను కాదు.

“మీ వంతు అయిపోయె తాతా. జరుగు, నీ కాలు అడ్డముంది.”

తల కూడా ఎత్తలేదు. పదకొండున్నర చుట్లు తిప్పి ఆపింది. పన్నెండోది తిప్పలేదు. గట్టు వీధిది విప్పింది. కాసేపటికి గట్టు మీద నుంచి లింగమ్మ కేక వినిపించింది, బిందె నిండి పొర్లుతున్నదట, ఇంకొకటి తెమ్మని.

మిగిలిన ముప్పై తొమ్మిది వంతులు అవసరం లేదు. కాగితం దిద్దడం నాకు ఇష్టం లేదు కాబట్టి కొట్టివేయలేదు. చావి ఈ రోజు నుంచి గట్టు వీధిలో ఉంటుంది, మా ఇంటికి ఎవరినీ పంపవద్దు. తమరు పదిహేనవ తేదీన ఊరికి వస్తే మా ఇంట్లో మంచినీళ్ళు సగం బిందె మాత్రమే. లింగమ్మ ఇంట్లో అడగగలరు.